టైరునొరసి వెలుగు దీపము

1960 ప్రాంతమున గోదావరిఖనిలో గనులు తెరువబడినప్పుడు బొగ్గు కార్మికునకు రెండు దీపములు అవసరమయ్యెను. గనిలోని దీపమును ల్యాంపు రూములో కంపెనీయే ఇచ్చెడిది. గని దాక పోవు దారికి కావలసిన దీపమును అతడే తన సైకిలుకు అమర్చుకొనవలసి వచ్చెను. రాత్రి షిఫ్టుకు పోవువానికి అది వేడుక వస్తువు కాదు.

కిరసనాయిలు దీపము గాలికి ఆరును. కార్బైడు దీపములో నీటిచుక్కలు పడి పుట్టు ఎసిటిలీను తెల్లగా మండును గాని దానిని తరచుగా కడుగవలెను. బ్యాటరీకి ఖర్చు తప్పదు. తీగచుట్ట వద్ద అయస్కాంతము కదలినచో చుట్టలో విద్యుత్తు పుట్టునని 1831లో ఫారడే చూపెను. 1923లో జర్మనీలోని బాష్ కంపెనీ ఆ సూత్రముతో సైకిలు దీపములను తయారుచేసెను. 1936లో ఇంగ్లండులో స్టర్మీ-ఆర్చర్ కంపెనీ డైనమోను చక్రపు హబ్బులోనే ఇమిడ్చెను. మన ఊళ్లలో వ్యాపించినది మాత్రము టైరును ఒరసికొను సీసా ఆకారపు డైనమోయే.

దాని తలపై నున్న చిన్న చక్రపు అడ్డుకొలత 2 సెంటీమీటర్లనుకొనుడు. సైకిలు గంటకు 15 కిలోమీటర్ల వేగమున పోవునప్పుడు అది నిమిషమునకు సుమారు 4,000 సార్లు తిరుగును. 1983లో రామగుండమున ప్రారంభమైన ఎన్.టి.పి.సి. 200 మెగావాట్ల యూనిట్టులోని టర్బైను తిరుగునది 3,000 సార్లే! అక్కడ సింగరేణి బొగ్గు, ఇక్కడ మనిషి పిక్కలు, సూత్రమొక్కటే. అయితే ఆ యూనిట్టుకు సరితూగుటకు 3 వాట్ల డైనమోలు 6 కోట్ల 66 లక్షలకు పైగా కావలెను. రెండును పుట్టించునది ఏకాంతర విద్యుత్తే. డైనమో యను పేరు వాడుకవలన నిలిచినది.

వేగము రెండింతలైనచో ప్రేరిత వోల్టేజియు రెండింతలగును. మరి పల్లములో 6 వోల్టుల బల్బు మాడదేమి? వేగముతోబాటు ప్రవాహము దిశ మారు తరచుదనము కూడ హెచ్చును. దానివలన చుట్టయొక్క స్వయంప్రేరణ కలిగించు అడ్డు కూడ అదే పాళ్లలో పెరుగును. కావున ప్రవాహము అర ఆంపియరు చేరువనే నిలుచును. విద్యార్థులకు ఇంతకన్న చవకైన ప్రయోగసామగ్రి దొరకదు. కాని ముందు బల్బు పోయినచో దాని పాలు ప్రవాహము వెనుకనున్న చిన్న బల్బుకే పోయి దానిని కూడ మాడ్చును.

వానలో తడిసిన టైరుపై చక్రము జారును. దీపము మిణుకుమిణుకు మనును. అసలు చిక్కు అది కాదు. రైలు గేటు వద్ద సైకిలు ఆగగానే దీపము ఆరును. వెనుకనుండి లారీ వచ్చునప్పుడు, ఎర్రదీపము మిక్కిలి అవసరమైన ఆ క్షణముననే అది ఉండదు. అందుచేతనే మడ్‌గార్డుపై ఎర్ర రిఫ్లెక్టరు బిగింతురు. అది లారీ వెలుతురునే లారీవానికి తిరిగి పంపును. ఇటీవలి ఎల్.ఇ.డి. దీపములలో కొన్నింట కెపాసిటరు ఉండుటచే, సైకిలు ఆగిన పిదప కూడ వెనుక దీపము కొన్ని నిమిషములు వెలుగును. ఈ సదుపాయము వచ్చుసరికి గనుల దారులలో సైకిళ్ల చోటును చాలవరకు మోటారుసైకిళ్లు ఆక్రమించెను.