పచ్చచీటీ పూచీ

సీసా మీది ధర చూసి లోపలి సరుకును అంచనా కట్టడం చాలామందికి అలవాటు. విస్కీ విషయంలో అది మరీ ఎక్కువ. అయితే అమెరికాలోని కెంటకీ నుంచి వచ్చే బర్బన్ విస్కీలో 20 డాలర్లకు అటూ ఇటూగా దొరికే సీసాలు కొన్ని, వందల డాలర్లు పోసి కొన్నవాటి పక్కన పెట్టినా చిన్నబోవు. ఇది కొనేవాడి అదృష్టమూ కాదు, కంపెనీల ఔదార్యమూ కాదు. నూట పాతికేళ్ల కిందటి ఒక సుంకం చట్టం, దాని వెంట వచ్చిన కొన్ని నిర్వచనాలు కలిసి చేసిన మేలు ఇది. తక్కువ డబ్బుతో మంచి విస్కీ కొనాలనుకునేవాడికి ఆ చరిత్రను మించిన దారి లేదని నా నమ్మకం. ఎందుకంటే ధర ఊరి మోజును బట్టి మారుతుంది. లేబుల్ మీద చట్టం రాయించిన మాట మాత్రం అంత తేలిగ్గా మారదు.

19వ శతాబ్దంలో చాలావరకూ విస్కీ అమ్మకం పీపాల్లోనే జరిగేది. బట్టీ నుంచి పీపా టోకు వర్తకుడికి చేరేది, అక్కణ్ణించి ఊళ్లోని సెలూన్‌కు, అంటే మద్యం దుకాణానికి, వెళ్లేది. తాగేవాడి గ్లాసులో పడేలోపు అది ఎన్ని చేతులు మారిందో, ఏ చేతిలో ఏం కలిసిందో చెప్పేవాళ్లు లేరు. ఈ నడిమి వ్యాపారంలో రెక్టిఫయర్లు అనే వాళ్లుండేవారు. రంగూ రుచీ లేని చవక స్పిరిట్ కొని, మాడ్చిన చక్కెరతో రంగు పట్టించి, ఎండు ప్లమ్ పళ్ల రసంతో తీపి చేర్చి, దాన్నే పాత విస్కీ అని అమ్మేవారు. వాళ్లలో తెగించినవాళ్లు పొగాకు, అయొడిన్, చివరికి సల్ఫ్యూరిక్ ఆమ్లం దాకా వెళ్లారు. అసలు సరుకు చేసేవాడు దానితో పోటీ పడడం ఎంత కష్టమో ఆలోచించండి. మొక్కజొన్న ఈ ఏడాది కొనాలి, పీపా ఈ ఏడాది కొనాలి, డబ్బు మాత్రం నాలుగేళ్ల తర్వాత వస్తుంది. ఆ నాలుగేళ్లూ పీపాలోది ఆవిరైపోతూనే ఉంటుంది. నకిలీకి ఒక మధ్యాహ్నం చాలు. 1870లో లూయివిల్‌లో జార్జ్ గార్విన్ బ్రౌన్ అనే మందుల వ్యాపారి తన ఓల్డ్ ఫారెస్టర్ బర్బన్‌ను సీలు వేసిన సీసాల్లో మాత్రమే అమ్మడం మొదలుపెట్టాడు. సీసా మూత తీసేదాకా లోపలిది తను పోసిందేనన్నది అతను ఇవ్వదలిచిన హామీ. కానీ అది ఒక వ్యాపారి మాట. మరో వ్యాపారి కూడా సీసా కొని, సీలు వేసి, అదే మాట చెప్పగలడు.

ఆ మాటకు వ్యాపారంతో సంబంధం లేని సాక్షి కావలసి వచ్చింది. విచిత్రంగా ఆ సాక్షి సుంకం వసూలు చేసే గుమాస్తా రూపంలో దొరికాడు. అంతర్యుద్ధం ఖర్చుల కోసం 1862లో అమెరికా ప్రభుత్వం మద్యం మీద సుంకం వేసింది. కాచిన రోజునే సుంకం కట్టమంటే పాత విస్కీ చేసేవాడు బతకలేడు. అందుకని సరుకును ప్రభుత్వ అదుపులోని గోదాములో పెట్టి, బయటికి తీసినప్పుడు సుంకం కట్టే ఏర్పాటు వచ్చింది. ఆ పూచీకత్తు పేరే బాండ్. 1894 నాటికి ఆ గడువు 8 ఏళ్లకు పెరిగింది. గోదాము తలుపుకు రెండు తాళాలు. ఒకదాని చెవి బట్టీ యజమాని దగ్గర, రెండోదాని చెవి ప్రభుత్వ ఉద్యోగి దగ్గర. ఇద్దరూ వస్తేనే తలుపు తెరుచుకునేది. ఎన్ని పీపాలు వచ్చాయి, ఏ రోజు వచ్చాయి, ఎంత ఘాటుతో వచ్చాయి అన్నది ఆ ఉద్యోగి పుస్తకంలో ఎక్కేది. పైసా సుంకం తప్పిపోకూడదన్నదే అతని తాపత్రయం. కల్తీకి దారి మూసేసిందీ ఆ తాపత్రయమే.

1897 మార్చి 3న, పదవి దిగిపోవడానికి ఒక్కరోజు ముందు, అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్ బాటిల్డ్ ఇన్ బాండ్ చట్టం మీద సంతకం చేశాడు. షరతులు నాలుగు ముక్కల్లో చెప్పేయొచ్చు. సరుకంతా ఒకే బట్టీలో, ఒకే ఏడాదిలోని ఒకే అర్ధభాగంలో కాచి ఉండాలి. బాండ్ గోదాములో కనీసం 4 ఏళ్లు ఉండాలి. నీళ్లు తప్ప మరేమీ కలపకూడదు. సరిగ్గా 100 ప్రూఫ్‌కు, అంటే సగానికి సగం ఆల్కహాల్‌కు తెచ్చి సీసాలో పోయాలి. కాచిన చోటేదో సీసా మీద చెప్పాలి. ఇవన్నీ జరిగాయనడానికి సీసా మెడ మీదుగా, బిరడాను కప్పుతూ, ఒక సన్నని పచ్చరంగు స్టాంపు చీటీ అంటించేవారు. దాని మీద కాచిన రుతువు, ఏడాది, సీసాలో పోసిన రుతువు, ఏడాది అచ్చయి ఉండేవి. చీటీ చింపకుండా బిరడా రాదు. ఎన్నో రకాల మోసాలకు అలవాటుపడ్డ కొనుగోలుదారుడికి, చదువు పెద్దగా లేకపోయినా చూసి గుర్తుపట్టగల గుర్తు అది.

ఈ చట్టం తాగేవాడి మీద ప్రేమతో పుట్టలేదని, పెద్ద బట్టీల వాళ్లు పోటీదారులను దెబ్బకొట్టడానికి చేయించుకున్నారని ఒక అభ్యంతరం ఉంది. అది కాదనలేనిదే. చట్టం కోసం గట్టిగా నిలబడ్డ కల్నల్ ఎడ్మండ్ హేన్స్ టేలర్ స్వయంగా బట్టీల యజమాని. అతనికి అండగా నిలిచిన జాన్ కార్లైల్ అప్పటి ఆర్థిక మంత్రి, కెంటకీ మనిషి, అంతకుముందు 1880లో ఆవిరైపోయిన విస్కీకి సుంకం మినహాయింపు ఇప్పించిన చట్టసభ సభ్యుడు. ఇద్దరికీ స్వార్థం ఉంది. కానీ ఉద్దేశం ఎలాంటిదైనా, వాళ్ల స్వార్థం నెరవేరాలంటే అసలు సరుకు అసలుదని రుజువు కావాలి. ఆ రుజువు కొనేవాడికి ఉచితంగా దక్కింది. దాని కోసం విడిగా పైసా పెట్టనక్కర్లేదు. నాకు ముఖ్యంగా కనిపించేది ఇదే.

రెండో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. కలపడమంతా కల్తీయేనా? కాదు. ఓల్డ్ ఫారెస్టర్ కూడా మొదట్లో వేర్వేరు బట్టీల విస్కీలను కలిపి చేసిందే. చెయ్యి తిరిగినవాడు కలిపితే రుచి నిలకడగా ఉంటుంది. తగవంతా కలిపింది ఏమిటో చెప్పడం గురించే. 1906లో శుద్ధ ఆహార, ఔషధ చట్టం వచ్చాక ఏది విస్కీ అన్న ప్రశ్న మీద మూడేళ్లు పోట్లాట నడిచింది. చివరికి 1909 డిసెంబరులో అధ్యక్షుడు విలియం హోవర్డ్ టాఫ్ట్ తీర్పు చెప్పాడు. ధాన్యం నుంచి తీసిందే విస్కీ. పీపాలో పండిన అసలు విస్కీ ‘స్ట్రెయిట్’, స్పిరిట్ కలిపింది ‘బ్లెండెడ్’. రెక్టిఫయర్ బతకొచ్చు, కానీ పేరు మార్చుకుని తిరగడానికి వీల్లేదు. నేటికీ అమెరికాలో బ్లెండెడ్ విస్కీ అన్న సీసాలో అసలు విస్కీ నూటికి 20 పాళ్లు ఉంటే చాలు, మిగతాది స్పిరిట్ కావచ్చు. స్ట్రెయిట్ బర్బన్‌కూ దానికీ అల్మారాలో ధర తేడా కొద్ది డాలర్లే ఉన్నప్పుడు, ఆ ఒక్క మాట చదవనివాడు ఎంత నష్టపోతాడో చూడండి.

మన దగ్గర ఈ తగవు ఇంకా తీరలేదు. భారతదేశంలో చవకగా అమ్ముడయ్యే విస్కీల్లో చాలావాటికి మూలం చెరకు మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్. యూరప్ దేశాల్లో వాటిని విస్కీ పేరుతో అమ్మనివ్వరు. టాఫ్ట్ గీసిన గీత ప్రకారమూ అవి విస్కీలు కావు. మన సీసాల మీద కనిపించే 75 ప్రూఫ్‌ది బ్రిటిష్ లెక్క, అది నూటికి 42.8 పాళ్లు. అమెరికా 100 ప్రూఫ్ అంటే నూటికి 50. రెండు లెక్కలూ ఒకటే అనుకుంటే మన సీసా కన్నా బాండ్ సీసా ఎంత ఘాటో తెలియదు. పైగా 2025 ఫిబ్రవరిలో బర్బన్ మీద దిగుమతి సుంకాన్ని 150 నుంచి 100 శాతానికి తగ్గించినా, అక్కడి 20 డాలర్ల సీసా హైదరాబాదులో చవక సరుకు కాదు. కాబట్టి అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు, అక్కణ్ణించి ఎవరైనా సీసా తెచ్చిపెడితే తీసుకునేవాళ్లకు ఈ లెక్క సూటిగా పనికొస్తుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచినప్పుడు అడిగిన ప్రశ్న వేరు. వాళ్ల సంసారాలు కూలింది సారాలో కల్తీ ఉన్నందుకు మాత్రమే కాదు. ఏ పచ్చచీటీ దానికి జవాబు కాదు, కాగలదని నేను అనను కూడా. తాగాలని నిర్ణయించుకున్న మనిషికి, తాగుతున్నది ఏమిటో తెలుసుకునే హక్కు గురించే ఇక్కడి మాట.

మంచి విస్కీ అంటే పాతది, పాతదంటే ఖరీదు, 4 ఏళ్లది ఏపాటిది అని అడిగేవాళ్లకు పీపానే చూపించాలి. 1930ల నుంచి బర్బన్‌కు కొత్త ఓక్ పీపా తప్పనిసరి. దాని లోపలి గోడను నిమిషంలోపు మంటతో కాల్చి బొగ్గు చేస్తారు. వాడేసిన పీపాను విప్పి ఒక చెక్క చూస్తే, లోపల నల్లటి బొగ్గు పొర, దాని కింద గోధుమ రంగు చెక్క, ఆ తర్వాత ఒక ఎర్రటి గీత కనిపిస్తాయి. వేసవిలో విస్కీ చెక్కలోకి చొరబడి, చలికాలంలో వెనక్కి వచ్చిన మేర అది. స్కాట్లండ్‌లో ఎక్కువగా వాడేసిన పీపాలే వాడతారు, వాతావరణమూ చల్లన, అందుకే అక్కడ పన్నెండేళ్లు పట్టే పని కెంటకీ ఎండలో త్వరగా అయిపోతుంది. మరీ ఎక్కువకాలం ఉంచితే చెక్క చేదు పైకొస్తుంది. ఇక ధర సంగతి. పీపాకు 200 లీటర్లు పడతాయి. ఏడాదికి నూటికి 4 వంతులు ఆవిరవుతాయనుకుంటే, 4 ఏళ్లకు 170 లీటర్లు, 12 ఏళ్లకు 122, 20 ఏళ్లకు 88 మిగులుతాయి. ఇరవయ్యేళ్ల సీసాకు కట్టే డబ్బులో సగానికి పైగా గాలిలో కలిసిపోయినదానికే కడుతున్నాం. ఆ రుచి ఇష్టపడేవాళ్లు కట్టుకోవచ్చు. కానీ ఆ ధర లేమి ధర. నాణ్యతకు అది కొలత కాదు.

బాండ్ సీసా చవకగా మిగిలిపోవడానికి ఇంకో కారణం ఉంది. కొరియా యుద్ధ కాలంలో షెన్లీ కంపెనీ అధినేత లూయిస్ రోజెన్‌స్టీల్ కొరత వస్తుందని ఊహించి విపరీతంగా కాయించాడు. కొరత రాలేదు. ఆ నిల్వల ఒత్తిడితోనే 1958లో బాండ్ గడువు 8 నుంచి 20 ఏళ్లకు పెంచారు. తర్వాత జనం వోడ్కా వైపు మళ్లారు. 1970లలో బర్బన్ తాతల తాగుడుగా ముద్రపడింది, గోదాములు నిండిపోయాయి. 1984లో ఒకే పీపా నుంచి నింపిన బ్లాంటన్స్ లాంటి కొత్త పేర్ల మీద కంపెనీలు ఖర్చూ శ్రద్ధా పెట్టాయి. పాత బాండ్ లేబుళ్లు కింది అరలోనే ఉండిపోయాయి. మోజు పోయింది గానీ చట్టం పోలేదు కదా, వాటి షరతులు అలాగే ఉన్నాయి. 2013లో మేకర్స్ మార్క్ కంపెనీ సరుకు చాలక ఘాటును 45 నుంచి 42 పాళ్లకు తగ్గిస్తామని ప్రకటించి, జనం గగ్గోలు పెట్టడంతో వారం తిరిగేసరికి వెనక్కి తగ్గింది. బాండ్ సీసాకు ఆ గగ్గోలు అక్కర్లేదు. 50 పాళ్లకు ఒక్క పాయింటు తగ్గినా ఆ మాట రాయకూడదు. 40 పాళ్ల సీసాతో పోలిస్తే 750 మిల్లీలీటర్లలో 300 బదులు 375 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది. కావాలంటే నీళ్లు కొనేవాడే పోసుకుంటాడు, కంపెనీ పోసిన నీళ్లకు డబ్బు కట్టడు.

అయితే ఈ మాట కూడా ఇప్పుడు పూర్తి రక్ష కాదు. హెవెన్ హిల్ కంపెనీ కెంటకీలో చాలా చవకగా అమ్మిన 6 ఏళ్ల బాండ్ బర్బన్‌ను ఆపేసి, 2019లో 7 ఏళ్లదిగా, రెట్టింపు దాటిన ధరతో మళ్లీ తెచ్చింది. చరిత్రకు గిరాకీ ఉందని వ్యాపారులకూ తెలిసింది. అదే కంపెనీది ఇవాన్ విలియమ్స్ తెల్ల లేబుల్ బాండ్ సీసా మాత్రం ఇంకా తక్కువ ధరకే దొరుకుతోంది. పచ్చచీటీ 1980లలో పోయింది. కానీ ఆ తెల్ల లేబుల్ సీసా వెనక లేబుల్ మీద చిన్న అక్షరాల్లో డీఎస్‌పీ కేవై 1లో కాచినది, డీఎస్‌పీ కేవై 31లో నింపినది అని ఉంటుంది. 31 అంటే కెంటకీలోని బార్డ్స్‌టౌన్‌లో ఆ కంపెనీ ఉన్న చోటు. 1996 నవంబరులో అక్కడ బట్టీ, ఏడు గోదాములు, దాదాపు 90,000 పీపాలు కాలిపోయాయి. 1999లో ఆ కంపెనీ లూయివిల్‌లోని బెర్న్‌హైమ్ బట్టీని కొనుక్కుంది. ఆ బట్టీ నంబరే 1. ఒకచోట కాచి ఇంకోచోట నింపవలసి రావడానికి కారణమైన మంట, కొన్నవాడి చేతిలోని సీసా మీద రెండు అంకెలుగా మిగిలి ఉంది. ఆ రెండు అంకెలూ అచ్చు వేయించింది 1897 నాటి చట్టమే.