చందా డబ్బాకు లైసెన్స్ ఉంటుందా? తిరువూరులో విరాళాల వసూళ్లు.. అనుమతి ఎవరిస్తారు, లెక్క ఎవరడుగుతారు?

తిరువూరు బస్టాండ్ దగ్గర బస్సు ఆగగానే మెడలో ఐడీ కార్డు వేసుకున్న ఇద్దరు కుర్రాళ్లు ఎక్కుతారు. చేతిలో లామినేషన్ చేసిన ఫొటో, ఓ డబ్బా, ఈమధ్య అయితే క్యూఆర్ కోడ్ కూడా. "అనాథాశ్రమం కోసం అన్నా" అంటారు. మనం పదో ఇరవయ్యో వేస్తాం. ఆ డబ్బా ఎవరిది? దాన్ని తిప్పడానికి ఎవరైనా పర్మిషన్ ఇచ్చారా? సాయంత్రం అందులో ఎంత పడిందో లెక్క చూసేది ఎవరు? ఈ మూడు ప్రశ్నలకు మన చట్టాల్లో సమాధానాలు ఉన్నాయి. కాకపోతే అన్నీ ఒకేచోట లేవు, అసలు చిక్కు అదే.

ముందు సూటిగా చెప్పేద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో "విరాళాల సేకరణ లైసెన్స్" అంటూ ప్రత్యేకంగా ఒక్క కాగితం లేదు. ఛారిటీ కమిషనర్ అనే అధికారీ లేరు. రాజ్యాంగంలో ధర్మాదాయ సంస్థల విషయం ఉమ్మడి జాబితాలో, 28వ అంశంగా ఉంది. అంటే కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయొచ్చు. మహారాష్ట్ర ఈ అవకాశాన్ని ఎప్పుడో వాడుకుంది. 1950 నాటి పబ్లిక్ ట్రస్ట్స్ చట్టం కింద అక్కడ ఛారిటీ కమిషనర్ ఉన్నారు. రిజిస్టర్ కాని గణేశ్ మండళ్లు కూడా చందాలు వసూలు చేయాలంటే ఆ ఆఫీసు గడప తొక్కాల్సిందే. మన దగ్గర ఆ పని నాలుగైదు శాఖల మధ్య చీలిపోయింది.

రిజిస్ట్రేషన్ ఉందంటే పర్మిషన్ ఉన్నట్టేనా?

కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. "మాది గవర్నమెంట్ రిజిస్టర్డ్ సంస్థ" అని పాంప్లెట్ మీద నంబర్ వేస్తే మనం ప్రభుత్వమే వసూలు చేయమన్నదేమో అనుకుంటాం. ఆ నంబర్ చెప్పేది ఒక్కటే: ఈ పేరుతో ఓ సంఘం ఉంది, దానికి సభ్యులున్నారు, నియమావళి ఉంది. అంతే.

ఆ నంబర్ ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. ఏపీ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001లో వచ్చింది. కనీసం ఏడుగురు కలిస్తే సేవ, విద్య, క్రీడలు, సాహిత్యం లాంటి ప్రయోజనాల కోసం సొసైటీ పెట్టుకోవచ్చు. రిజిస్టర్ చేసేది రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖలోని జిల్లా రిజిస్ట్రార్. సొసైటీ ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి, కార్యవర్గం జాబితా, లెక్కలు రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. చాలా సంఘాలు మొదటి ఏడాది ఇచ్చి తర్వాత మర్చిపోతాయి. ఆఫీసుల్లో ఉన్న స్టాఫ్‌తో ప్రతి ఫైలూ తెరిచి చూసే పరిస్థితీ కనిపించదు. కాబట్టి సర్టిఫికెట్ చూపిస్తే సరిపోదు, పోయిన ఏడాది లెక్కలు దాఖలయ్యాయా అన్నదే అసలు ప్రశ్న. ఆ కాగితాల కాపీల కోసం ఫీజు కట్టి రిజిస్ట్రార్ ఆఫీసులో అడగొచ్చు, లేదంటే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ట్రస్టు కథ వేరు. ట్రస్టు డీడ్ రాసుకుని సబ్‌ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయిస్తారు. స్థలం దస్తావేజు రిజిస్టర్ చేసినట్టే ఇదీ. 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ చట్టం ప్రైవేటు ట్రస్టుల కోసం ఉన్నది, ప్రజల కోసం పెట్టే ధర్మాదాయ ట్రస్టులు దాని పరిధిలోకి రావు. డీడ్ రిజిస్టర్ అయ్యాక ఏటా లెక్కలు తెమ్మని సబ్‌ రిజిస్ట్రార్ అడగరు. అది వాళ్ల పని కాదు కూడా.

తిరువూరుకు ఇంకో మెలిక ఉంది. ఊరు ఎన్టీఆర్ జిల్లాలో, 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగేదాకా కృష్ణా జిల్లాలో. అందుకే పాత సంఘాల సర్టిఫికెట్ల మీద కృష్ణా జిల్లా అనే ఉంటుంది, దాన్ని చూసి దొంగ కాగితం అనుకోవద్దు. మరోపక్క కొన్ని కిలోమీటర్లు పోతే తెలంగాణ. పెనుబల్లి, సత్తుపల్లి వైపు నుంచి వచ్చి ఇక్కడ చందాలు అడిగే సంస్థ ఖమ్మం జిల్లాలో రిజిస్టర్ అయి ఉండొచ్చు. అక్కడా 2001 చట్టమే నడుస్తోంది గానీ రికార్డు మాత్రం ఆ రాష్ట్రం రిజిస్ట్రార్ దగ్గరే ఉంటుంది. విజయవాడలో అడిగితే "మా దగ్గర లేదు" అంటారు.

దేవాదాయ శాఖ చేతిలో ఏముంది?

ఏపీ ధార్మిక, హిందూ మత సంస్థలు, దేవాదాయ చట్టం 1987లో వచ్చింది. పేరులో హిందూ మత సంస్థలు అని ఉన్నా, ప్రజల కోసం నడిచే ధర్మాదాయ సంస్థలు కూడా ఈ చట్టంలోకి వస్తాయి. 43వ సెక్షన్ కింద వాటిని రిజిస్టర్ చేయాలి. వక్ఫ్ ఆస్తులు దీనిలోకి రావు, వాటికి వక్ఫ్ బోర్డు ఉంది.

చట్టం చదివితే సత్రాలు, అన్నదాన సంస్థలు అన్నీ కమిషనర్ కళ్లెదుట ఉన్నట్టు అనిపిస్తుంది. ఆచరణలో శాఖ దృష్టంతా గుళ్లు, వాటి భూముల మీదే. గంపలగూడెం మండలం నెమలి వేణుగోపాలస్వామి గుడి లాంటి చోట హుండీ తెరిస్తే అధికారుల సమక్షంలో లెక్కింపు జరుగుతుంది, వచ్చిన మొత్తం పేపర్లో వస్తుంది. అదే మన వీధి చివర కొత్తగా కడుతున్న గుడికి చందా రాస్తే ఆ లెక్క కమిటీ పెద్దల నోట్‌బుక్కులోనే ఉంటుంది. కమిటీ వాళ్లు మంచోళ్లయితే గోడ మీద పేర్లు రాయిస్తారు. లేదంటే అదీ లేదు.

వినాయక చవితి మండపాలకు ఏపీ పోలీసులు ఆన్‌లైన్ సింగిల్ విండోలో పర్మిషన్ ఇస్తున్నారు. ఆ పర్మిషన్ మండపానికి, మైకుకి, ఊరేగింపుకి. చందాలకు కాదు. రోడ్డుకు తాడు కట్టి బండ్లు ఆపి "ఇచ్చాకే కదులు" అంటే అది చందా కిందికి రాదు, భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద బలవంతపు వసూలు అయ్యే అవకాశం ఉంది.

గట్టిగా లెక్క అడిగేది ఇన్‌కమ్ ట్యాక్సే

వింతగా అనిపించొచ్చు కానీ మన దేశంలో స్వచ్ఛంద సంస్థల్ని ఎక్కువగా లైన్లో పెట్టేది పన్నుల శాఖ. సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు కావాలంటే 12ఏబీ రిజిస్ట్రేషన్ కావాలి. దాతకు మినహాయింపు ఇప్పించాలంటే 80జీ కావాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి రూల్ మారింది. అంతకుముందు ఒకసారి వస్తే ఎప్పటికీ ఉండేది, ఇప్పుడు సాధారణంగా ఐదేళ్లకే. కొత్త సంస్థకు ముందు మూడేళ్ల ప్రొవిజనల్ ఇస్తారు.

దీంతో పాటు వచ్చిన ఇంకో మార్పు దాతలకు బాగా పనికొచ్చేది. ఎవరు ఎంత ఇచ్చారో సంస్థ ఫారం 10బీడీలో ఆన్‌లైన్‌లో దాఖలు చేయాలి. ఆర్థిక సంవత్సరం ముగిశాక మే 31 గడువు. ఆ తర్వాత దాతకు 10బీఈ సర్టిఫికెట్ ఇవ్వాలి. చేత్తో రాసిన రసీదు పుస్తకం ఎవరైనా ప్రింట్ చేయించుకోవచ్చు, పది నిమిషాల పని. 10బీఈ అలా కుదరదు, అది పోర్టల్ నుంచే రావాలి. "80జీ ఉంది సార్" అన్న సంస్థను "మరి 10బీఈ ఎప్పుడిస్తారు?" అని అడిగి చూడండి. తడబడితే అర్థమైపోతుంది.

లెక్క ఎలా ఉంటుందంటే.. 80జీ ఉన్న మామూలు సంస్థకు 5,000 రూపాయలు ఇచ్చారనుకోండి. అందులో సగం, అంటే 2,500 మీ ఆదాయంలోంచి తగ్గుతుంది. 20 శాతం స్లాబులో ఉంటే పన్నులో మిగిలేది 500 చిల్లర. అదే సీఎం రిలీఫ్ ఫండ్‌కు ఇస్తే మొత్తం 5,000కూ మినహాయింపు. ఇదంతా పాత పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకే, కొత్త విధానంలో ఉన్నవాళ్లకు 80జీ లేదు. నగదు అయితే 2,000 దాటితే మినహాయింపు రాదు. బియ్యం, దుప్పట్లు ఇచ్చినా రాదు. పుణ్యం వస్తుందేమో, అది వేరే పద్దు.

పేరు, ఊరు లేని విరాళాల మీద కూడా ఈ శాఖకు కన్నుంది. మొత్తం విరాళాల్లో 5 శాతం, లేదా లక్ష రూపాయలు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాన్ని మించిన అనామక విరాళాలపై 30 శాతం పన్ను. పూర్తిగా మతపరమైన సంస్థలకు ఇది వర్తించదు. గుడి హుండీలో పేరు రాసి వేసేదెవరు మరి.

అమెరికా నుంచి బంధువులు పంపితే?

కృష్ణా, ఖమ్మం సరిహద్దు ఊళ్లలో బడికి గదులు, వాటర్ ప్లాంట్, శ్మశానానికి షెడ్డు.. వీటిలో ఏదో ఒకదాని వెనక అమెరికాలో ఉన్న ఊరివాళ్ల డబ్బు ఉంటుంది. ఇక్కడ ఎఫ్‌సీఆర్‌ఏ అడ్డొస్తుంది. 2010 చట్టం ఇది. విదేశీ విరాళం తీసుకోవాలంటే కేంద్ర హోంశాఖ దగ్గర రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. తేడా ఎక్కడుందంటే పాస్‌పోర్టులో. మీ బాబాయ్ డల్లాస్‌లో ఉన్నా భారత పాస్‌పోర్టే ఉంటే, తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపింది విదేశీ విరాళం కాదు. ఆయన అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం విదేశీ విరాళమే, ఓసీఐ కార్డున్నా సరే. ఊరి కమిటీ అకౌంట్లో నేరుగా వేయించుకుంటే చిక్కుల్లో పడేది ఊరివాళ్లే.

2020 సవరణతో ఇది ఇంకా బిగిసింది. విదేశీ విరాళం మొదట ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచ్ ఖాతాలోనే పడాలి. ఆ డబ్బును ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. ఆఫీసు ఖర్చులు 20 శాతం మించకూడదు. రెన్యువల్ ఆగితే ఏమవుతుందో అనంతపురం జిల్లాకు తెలుసు. 1969 నుంచి అక్కడ పనిచేస్తున్న ఆర్డీటీ సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ చిక్కు వస్తే 2025లో జనం రోడ్డెక్కారు. నిఘా ఉండాల్సిందే, కానీ ఒక్క కాగితం ఆగితే ఆసుపత్రుల భవిష్యత్తే ప్రశ్నార్థకమయ్యేంత బరువు దానికి ఉండటం మీద చర్చ జరగాల్సిందే.

అవతలి వైపు నిఘా ఎలా ఉందో కూడా చూడాలి. అమెరికాలో దాదాపు 40 రాష్ట్రాల్లో విరాళం అడిగే ముందే రిజిస్టర్ చేసుకోవాలి. చాలా సంస్థలు ఏటా ఇచ్చే ఫారం 990 ఎవరైనా ఆన్‌లైన్‌లో చూడొచ్చు. ఇన్ని ఉన్నా 2024 చివర్లో తానా ఫౌండేషన్ నిధులు 30 లక్షల డాలర్లకు పైగా పక్కదారి పట్టిన వ్యవహారం తెలుగువాళ్లందరినీ కుదిపేసింది.

ఫోన్‌లో వచ్చే అప్పీళ్ల సంగతి

ఇప్పుడు డబ్బా కంటే వాట్సాప్ పెద్దది. 2021లో హైదరాబాద్‌లో ఎస్‌ఎంఏ అనే జబ్బున్న చిన్నారికి 16 కోట్ల ఇంజెక్షన్ కోసం వేలమంది తలా కొంత వేశారు, మందు అందింది. అలాంటిది చూశాక ఎవరి చెయ్యి ఆగుతుంది? కానీ ఇలా విరాళాలు సేకరించే వెబ్‌సైట్ల కోసం మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బు బాధితుల కష్టం అందరికీ తెలిసిందే. అలాంటి నిజమైన కష్టం ఉన్నచోటే దొంగ అప్పీలు కూడా సులువుగా నమ్మకం సంపాదిస్తుంది. ఎవరి ఫొటోనో, ఎవరి రిపోర్టో పెట్టి కింద సొంత ఫోన్‌పే నంబర్ వేస్తే మనకు తెలిసేదెలా? ఆ కుటుంబానికో ఆసుపత్రికో ఫోన్ చేయాలి. కుదిరితే పేషెంట్ పేరు మీద ఆసుపత్రి ఖాతాకే వేయాలి.

ప్రభుత్వ నిధుల పేరును కూడా వదల్లేదు. 2020లో పీఎం కేర్స్ మొదలైన రోజుల్లోనే యూపీఐ ఐడీలో చివరి ఒక్క 'ఎస్' అక్షరం తీసేసి దొంగ ఐడీ పుట్టించారు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు జిల్లా అంతా సాయానికి కదిలింది. అలాంటి రోజుల్లో ఫార్వర్డ్ అయిన క్యూఆర్ కోడ్‌కు కాకుండా సీఎంఆర్‌ఎఫ్ అధికారిక సైట్‌లో ఉన్న ఖాతాకే వేయడం మంచిది. క్యూఆర్ స్కాన్ చేశాక వచ్చే పేరు సంస్థదా, వ్యక్తిదా అని చూడటానికి రెండు సెకన్లు చాలు.

నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో సంస్థ పేరు కొట్టి చూడొచ్చు. కానీ అది డైరెక్టరీ మాత్రమే. అందులో ఉన్నంత మాత్రాన మంచి సంస్థ అని ఎవరూ గ్యారంటీ ఇచ్చినట్టు కాదు.

మోసం అని తేలితే..

ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే 1930కి కాల్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాను ఆపే అవకాశం అంత ఎక్కువ. నగదు వసూళ్ల మీద అయితే లోకల్ పోలీస్ స్టేషన్‌లోనే ఫిర్యాదు. మోసానికి బీఎన్‌ఎస్ 318, అప్పగించిన డబ్బు కాజేస్తే 316. పాత లెక్కలో 420, 406 అన్నమాట.

సొసైటీ లోపలి గొడవలైతే సభ్యులు జిల్లా కోర్టుకు వెళ్లొచ్చు. ట్రస్టు డబ్బు దారి మళ్లుతోందంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ ఉంది. ఆ ట్రస్టుతో సంబంధం ఉన్న ఇద్దరు కలిసి కోర్టు అనుమతితో దావా వేయొచ్చు. ట్రస్టీని తీసేయమని, లెక్కలు చూపమని అడగొచ్చు. అన్నదాన సత్రంలో భోంచేసేవాళ్లు, ఆ బడిలో పిల్లల్ని చదివించే తల్లిదండ్రులు కూడా ఆ సంబంధం చూపగలిగితే వేయొచ్చు. ఇక సంస్థకు ప్రభుత్వ గ్రాంట్లు గణనీయంగా వస్తుంటే 2019లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం దాన్ని నేరుగా ఆర్టీఐ కిందే అడగొచ్చు. పది రూపాయల ఫీజుతో మొదలయ్యే పని అది.