వక్రనాసికా ఋజుకరణం: శ్వాసమార్గ చరిత్ర



గోదావరీతీరాన ధర్మపురి ప్రాంతంలో వేదాధ్యయనం చేస్తున్న పదిహేడేళ్ల విద్యార్థి తండ్రిగారు ఇటీవల నన్నొక ధర్మసందేహం అడిగారు. ఆ బాలుడు పసితనాన స్నానఘట్టం మెట్లపై జారిపడగా ముక్కుదూలం వంకరపోయింది. ఒక నాసారంధ్రంలో గాలి సరిగా ఆడదు. పనస మధ్యలో ఊపిరి చాలక ఆగిపోతాడు. వైద్యులు శస్త్రచికిత్స చేయించమన్నారు. "అయ్యగారూ, భగవంతుడిచ్చిన ముఖాన్ని కత్తితో మార్చడం దోషం కాదా?" అన్నది వారి ప్రశ్న.

సమాధానానికి పూర్వం ఈ విద్య చరిత్రను విచారించడం ఉచితం. మన గోదావరికి ఎగువనున్న నాసిక్ క్షేత్రానికి శూర్పణఖ నాసికాచ్ఛేదం వల్లనే ఆ పేరు వచ్చిందని జనశ్రుతి. ప్రాచీనకాలంలో నాసికాచ్ఛేదం దండనగా ఉండేది. ముక్కు పోవడమంటే మానం పోవడమే. అందుచేతనే నాసికను పునర్నిర్మించే విద్య ఈ దేశంలో పుట్టి పెరిగింది.

సుశ్రుతసంహిత సూత్రస్థానం 16వ అధ్యాయంలో తెగిన ముక్కును కూర్చే విధానం ఉన్నది. చెట్టు ఆకును నాసికాప్రమాణంగా కత్తిరించి, ఆ కొలతకు చెక్కిలి చర్మాన్ని ఎత్తి, గాయపరచిన నాసాగ్రానికి అతికించాలి. పిమ్మట రెండు నాళికలను లోపల నిలపాలి. చికిత్సాస్థానం 3వ అధ్యాయంలో భగ్నచికిత్స చెబుతూ ఆచార్యుడు మన ప్రశ్నకే వచ్చాడు. కుంగిన, లేదా పక్కకు తిరిగిన ముక్కును శలాకతో ఋజువు చేసి, ఒక్కొక్క రంధ్రంలో రెండు వైపులా తెరచి ఉన్న నాళికను ప్రవేశపెట్టి, పట్టీ చుట్టి, నేతితో తడపాలన్నాడు.

ఆ నాళికలను గమనించండి. రూపం కోసమే అయితే లోపల ఏదైనా కుక్కి నిలబెట్టవచ్చు. రెండు ముఖాలున్న బోలు గొట్టాన్ని విధించడం వల్ల, రూపంతో పాటు ప్రాణవాయువు మార్గమూ ఆచార్యుని దృష్టిలో ఉన్నదని నాకు తోస్తున్నది.

ఈ విద్య కేవలం తాళపత్రాలలో నిలవలేదు. 1792 నాటి మైసూరు యుద్ధంలో ఆంగ్లసేనకు ఎడ్లు తోలే కవాస్‌జీ అనే మరాఠీయుడు టిప్పుసుల్తాను సైనికులకు చిక్కి ముక్కును, ఒక చేతిని కోల్పోయాడు. ఏడాది పైబడి ముక్కు లేకుండా బ్రతికిన అతనికి పూణె సమీపంలో, ఇటుకలు చేసే కులానికి చెందిన ఒక వ్యక్తి నుదుటి చర్మంతో కొత్త నాసికను కల్పించాడు. ఆ వృత్తాంతం 1794 అక్టోబరులో లండన్‌లోని జెంటిల్మన్స్ మాగజీన్‌లో వెలువడింది. దానిచేత ప్రేరితుడై జోసెఫ్ కార్ప్యూ అనే ఆంగ్లవైద్యుడు ముందు శవాలపై అభ్యసించి, 1814లో రోగికి ఆ చికిత్స చేసి, 1816లో గ్రంథం ప్రకటించాడు. శాస్త్రపాఠం పండితుల ఇండ్లలో ఉండగా హస్తకౌశలం మట్టి పిసికే చేతులలో ఉండిపోయింది. శాస్త్రం చదివిన మాబోటివారు వినయంతో గుర్తించవలసిన సత్యమిది.

తెగిన ముక్కును కట్టడం కంటే వంగిన ముక్కును నిలపడం ఒక విధంగా దుష్కరం. కారణమేమనగా, ముక్కు ముందుభాగపు దూలం ఎముక కాదు, మృదులాస్థి. దానికి తన పూర్వపు వంపు వైపు తిరిగే స్వభావం ఉన్నది. ఒకవైపు చెక్కితే అంతర్గతమైన బిగువుల తూకం తప్పి మృదులాస్థి వంగుతుందని 1958లో గిబ్సన్, డేవిస్ అనే శస్త్రవైద్యులు వివరించారు. వాసనాక్షయం కాక మనస్సు పాత త్రోవకే పోవడం వంటిదే ఇది.

20వ శతాబ్ది ఆరంభంలో ఫ్రీర్, కిల్లియన్ అనే వైద్యులు లోపలి పొరను కాపాడుతూ వంకరదూలాన్ని తొలగించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. అయితే మితిమీరి తొలగిస్తే ఆధారం పోయి ముక్కు గుర్రపుజీనువలె కుంగుతుంది. అందుకే నేటి వైద్యులు పైభాగాన, ముందుభాగాన సుమారు ఒక సెంటీమీటరు వెడల్పున దూలాన్ని మిగిల్చి, అవసరమైతే ఆ బాలుని మృదులాస్థి ముక్కనే ఊతగా కూరుస్తారు. ఎముక కూడా వంకరగా అతికి ఉంటే దానిని మరల విడదీసి కూర్చాలి. విషమంగా అతికిన కాండాస్థిని తిరిగి విరిచి సరిచేయమని సుశ్రుతుడు చెప్పిన న్యాయమే ఇక్కడ కనిపిస్తున్నది. ఇంత చేసినా వాపు పూర్తిగా తగ్గడానికి ఏడాది పట్టవచ్చు. కొంచెం వంపు మిగలవచ్చు, రెండవసారి చికిత్స అవసరం కావచ్చు.

ఇక ఆ తండ్రిగారికి నేను విన్నవించినది ఇది. శరీరం ధర్మసాధనం. సాధనానికి కలిగిన వైకల్యాన్ని సరిచేయడం సృష్టిని ధిక్కరించడం కాదు. అద్దంలో అందం కోసమే అయితే ఆలోచించండి. ఊపిరి కోసమైతే సందేహం వలదు. సొరకాయ, గుమ్మడి వంటి కాయలపై ముందుగా కోతను అభ్యసించమని శిష్యులకు విధించిన ఆచార్యుని మాటను స్మరించి, ఈ పనిలో చేయి తిరిగిన వైద్యుని వెదకండి. ముక్కు బాణంలా నిలుస్తుందని మాత్రం పిల్లవానికి ఆశ పెట్టకండి.

వారు లేచి వెళ్తూ, "మరి ముహూర్తం చూస్తారా?" అన్నారు. "పరీక్షలన్నీ ముగిసి వైద్యుడు నిర్ణయించిన దినమే ముహూర్తం. ఆనాడు నేను నరసింహస్వామి సన్నిధిలో అర్చన చేస్తాను" అన్నాను.

ఇతి శమ్.