నాయకర్ మహల్ కంబాల మీది గీతలు: మనం చేయవలసిందీ, చేయకూడనిదీ



తై పూసం దగ్గర పడిందంటే తిరుమల నాయకులవారి జయంతి మాటలు మన మదురై తెలుగు ఇళ్ళలో మొదలవుతాయి. దండలు, ఊరేగింపు, ఉపన్యాసాలు ఎప్పుడూ ఉండేవే. ఈసారి మన యువకులు కొందరు ఇంకో మాట అన్నారు: మహల్ కంబాల మీద గీకిన పేర్లన్నీ మనమే వెళ్ళి తోమి కడిగేద్దాం అని. వాళ్ళ మనసు మంచిది. కానీ బ్రష్ పట్టుకునే ముందు ఆ కంబం కథ కాస్త తెలుసుకోవాలి.

నాయకులవారు మదురైని 1623 నుంచి 1659 వరకు ఏలారు. మహల్ కట్టింది 1636లో.  ఆ లావుపాటి కంబాల పైన ఉన్నది మెత్తగా నూరిన సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన కలిపి నున్నగా రుద్దిన పూత. మనం చేత్తో తడిమి మురిసిపోయే ఆ నునుపంతా ఆ పలుచని పూతలోనే ఉంది.

ఈ మహల్‌ను మొదట దెబ్బ కొట్టింది పగవాడు కాదు. నాయకులవారి మనవడు చొక్కనాథ నాయకుడే రాజధానిని తిరుచిరాపల్లికి మార్చి, ఇక్కడి కట్టడాన్ని విప్పించి సామాను అక్కడికి తరలించాడు. పాడుపడిన మహల్‌ను 1866, 1872 మధ్య మద్రాసు గవర్నరుగా ఉన్న లార్డ్ నేపియర్ బాగు చేయించాడు. ఆ తరువాత చాలాకాలం ఇందులో కోర్టులు నడిచాయి. ఇప్పుడు ఇది తమిళనాడు పురావస్తు శాఖ రక్షణలో ఉంది. సొంతవాళ్ళు విప్పింది, పరాయివాడు నిలబెట్టింది మనకు మిగిలింది.

ఇక ఆ గీతల సంగతి. చెయ్యి అందినంత ఎత్తులో పేర్లు, హృదయం బొమ్మలు. ఎక్కువ తమిళంలోనే ఉంటాయి. అందుకని “మనవాళ్ళు కాదులే” అనుకోవడానికి లేదు. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడినా రాసేది తమిళంలోనే కదా!

ఒక పిల్లవాడు అడిగాడు: “రాజులు గుడి గోడల మీద రాస్తే శాసనం, మేము రాస్తే పిచ్చిరాతా?” మంచి ప్రశ్నే. శాసనం ఊరికే చెక్కింది కాదు. ఎవరు ఇచ్చారు, ఏం ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు అన్నది పదిమందికీ తెలియడానికి, ఆ గోడ మీద హక్కున్నవాళ్ళ ఒప్పుదలతో చెక్కించింది. అది ఊరికి రాసిన పత్రం. కంబం మీద గీకిన పేరు ఇంకొకరి పనితనాన్ని చెరిపి తనను చూడమంటుంది.

అయితే తోమితే ఏమవుతుంది? గీత పోదు. గీత అంటే మురికి కాదు, పూత లేచిపోయిన చోటు. ఇనుప బ్రష్ పెడితే చుట్టూ మిగిలిన నునుపు కూడా పోతుంది. యాసిడ్ సున్నాన్ని తినేస్తుంది. సబ్బునీళ్ళు లోపలికి ఇంకి ఉప్పు మిగిలిస్తాయి. సిమెంటుతో పూడిస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక పక్క గచ్చును ఉబ్బించి రాలుస్తుంది. పాత సున్నానికి సరిపోయే సున్నంతోనే, ఆ పని తెలిసిన మేస్త్రీలే, శాఖవారి పర్యవేక్షణలో పూడ్చాలి. మనంతట మనం తోమితే, చట్టం దృష్టిలో గీకినవాడికీ మనకూ తేడా ఉండదు.

మరి మన పని ఏమిటి? లెక్క రాయడం. ఏ కంబం, ఏ వైపు, నేల నుంచి ఎంత ఎత్తు, గీకిందా, ఇంకుతో రాసిందా, కొత్తదా, పాతదా. ఫోటో తీసి, తేదీ వేసి, శాఖ కార్యాలయానికి రాతపూర్వకంగా ఇవ్వాలి. నకలు మన దగ్గర ఉంచుకోవాలి. మూడు నెలలకు మళ్ళీ వెళ్ళి అవే కంబాలు చూడాలి. కొత్తవి వెంటనే తెలపడం ముఖ్యం. ఒక పేరు అలాగే ఉంటే పక్కన పది చేరతాయి. ఎవరైనా గీకుతూ కనబడితే కావలివారికి చెప్పండి, చెయ్యి చేసుకోవద్దు. ఆ పేర్ల ఫోటోలు గ్రూపుల్లో తిప్పవద్దు. గీకినవాడికి కావలసింది అదే. పైగా ఏ ఆడపిల్ల పేరో ఆమెకు తెలియకుండానే అక్కడ ఉండవచ్చు.

చట్టం ఉత్తిది అనుకోకండి. 2019లో హంపిలో కంబాలు పడగొట్టిన నలుగురికి కోర్టు తలా 70,000 రూపాయల జరిమానా వేసి, ఆ కంబాలను వాళ్ళ చేతనే మళ్ళీ నిలబెట్టించింది. కేంద్ర రక్షణలోని కట్టడాలను పాడు చేస్తే రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. మన మహల్‌కు 1966 నాటి రాష్ట్ర చట్టం ఉంది. కానీ మన పిల్లవాడికి కోర్టు చెప్పే ముందు మనం చెప్పడం మేలు.

ఈ తై పూసానికి దండ వేశాక ఒక గంట మహల్‌లో ఉందాం. తలా నాలుగు కంబాలు పంచుకుని రాసుకుందాం. నోటుబుక్కు, కొలత టేపు, ఫోను తెచ్చుకోండి. బకెట్టు, బ్రష్ ఇంట్లోనే పెట్టి రండి.