ఒక్క ప్రాణమా, ఇద్దరి కాపురమా?

1867 సెప్టెంబరు. స్విట్జర్లాండ్‌లోని రైన్‌ఫెల్డెన్ పట్టణంలో ప్రకృతి శాస్త్రవేత్తల సభ. సైమన్ ష్వెండెనర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు లేచి, లైకెన్ అనే మొక్క అసలు లేనే లేదన్నాడు. రాళ్ల మీద, చెట్ల బెరడు మీద బూడిద రంగు పొలుసుల్లా, పసుపు మరకల్లా పరుచుకుని కనిపించేది ఒక్క ప్రాణి కాదని, ఓ శిలీంధ్రం శైవలాలను తన దారాలతో చుట్టేసుకుని వాటి చేత వండించుకు తింటోందని ఆయన వాదన. శిలీంధ్రం యజమాని, శైవలం బానిస అని కూడా అన్నాడు.

లైకెన్లనే జీవితంగా చేసుకున్నవాళ్లకు ఆ మాట ఎంత కష్టం కలిగించిందో ఊహించవచ్చు. లిన్నేయస్ 1753లో తనకు తెలిసిన ఎనభై దాకా లైకెన్లను ఒకే ప్రజాతిలో కుక్కి శైవలాల పక్కన పడేశాడు. అక్కణ్ణుంచి వాటిని బయటికి తీసి, ప్రజాతులుగా విడదీసి, భాగాలకు పేర్లు పెట్టి, 1803లోనూ 1810లోనూ పెద్ద గ్రంథాలు రాసినవాడు ఆయన శిష్యుడే, స్వీడన్‌లోని వాడ్‌స్టేనాలో వైద్యుడిగా ఉన్న ఎరిక్ అకేరియస్. అంత శ్రమపడి కట్టిన శాస్త్రానికి పునాదే లేదంటే ఎవరు ఊరుకుంటారు?

అందరికంటే గట్టిగా కాదన్నది ఫిన్లాండ్‌లో పుట్టి పారిస్‌లో స్థిరపడిన విలియం నైలాండర్. హెల్సింకీలో వృక్షశాస్త్ర ఆచార్య పదవి వదులుకుని వచ్చి, 1899లో కన్నుమూసేదాకా లైకెన్లతోనే గడిపాడు. ష్వెండెనర్ సిద్ధాంతాన్ని చివరిదాకా ఒప్పుకోలేదు. పాఠ్యపుస్తకాలు ఆయన్ని ఓడిపోయినవాడిగా రెండు వాక్యాల్లో తేల్చేస్తాయి. అది అన్యాయమని నా అభిప్రాయం. పారిస్ లక్సెంబర్గ్ తోటలో చెట్ల మీది లైకెన్లను లెక్కగట్టి, అవి ఉన్నచోట గాలి శుభ్రంగా ఉన్నట్టని 1866లోనే రాసినవాడు ఆయన. అదే ఏడాది మరో పని కూడా మొదలుపెట్టాడు. కంటికి ఒక్కలాగే కనిపించే లైకెన్ల మీద ఓ చుక్క పొటాషియం హైడ్రాక్సైడ్, మరో చుక్క బ్లీచింగ్ పౌడరు నీళ్లు వేసి, ఏ రంగు తేలుతుందో చూసి జాతులు విడదీయడం.

ఆ పరీక్ష ఎలా ఉంటుందో మన వంటింటి సరుకుతోనే చెప్పవచ్చు. బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు లైకెనే. పైన బూడిద రంగు, కింద నలుపు. బ్లేడుతో పైపొరను సున్నితంగా గీకితే మధ్యలో దూదిలాంటి తెల్లటి పొర బయటపడుతుంది. దాని మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క పడగానే కొన్ని రెబ్బల్లో పసుపు తేలి, చూస్తుండగానే నెత్తురు రంగుకు తిరుగుతుంది. వాటిలో ఉన్నది సాలజినిక్ ఆమ్లం. ఇంకో రెబ్బ ఆ చుక్కకు ఎర్రబడకపోయినా, బ్లీచింగ్ నీళ్లు తగలగానే ఎర్రబడుతుంది. అది లెకనోరిక్ ఆమ్లం పని. అంటే ఒకే పొట్లంలో రెండు జాతులు ఉన్నాయన్నమాట. మన దేశపు లైకెన్లకు మొదటిసారిగా సమగ్రమైన గుర్తింపు సూచికలు తయారుచేసిన లక్నో ఆచార్యుడు ధరణీధర్ అవస్థి 1991లో, 2007లో వెలువరించిన గ్రంథాల్లో పేజీ పేజీకీ ఈ చుక్కల పరీక్షే ఎదురవుతుంది.

ష్వెండెనర్ చెప్పిందే నిజమని తేలడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1877లో ఎర్నస్ట్ స్టాల్ శిలీంధ్రాన్నీ శైవలాన్నీ కలిపి పెంచి లైకెన్‌ను తిరిగి పుట్టించాడు. ఆ కాపురాన్ని చూసే జర్మనీలో ఫ్రాంక్, డి బారీ అనే వృక్షశాస్త్రజ్ఞులు సహజీవనం అనే భావనకు రూపమిచ్చారు. వర్గీకరణ మారడానికి మాత్రం మరో డెబ్బై ఏళ్లు కావలసివచ్చింది. 1950 స్టాక్‌హోమ్ వృక్షశాస్త్ర మహాసభ నాటికి లైకెన్ పేరంటే అందులోని శిలీంధ్రం పేరేనని నియమం వచ్చింది. దాంతో లైకెన్లన్నీ శిలీంధ్రాల వంశవృక్షంలో చేరిపోయాయి. శైవలానికి దాని పేరు దానిదే.

ఇక చర్చ ముగిసిందని అందరూ అనుకున్నారు. దాన్ని మళ్లీ తెరిచింది ఉత్తర అమెరికా అడవుల్లో కొమ్మలకు జుట్టులా వేలాడే బ్రయోరియా అనే లైకెన్. అందులో గోధుమ రంగుదాన్ని అక్కడి ఆదివాసులు గుంటల్లో ఉడికించి తినేవారు. పసుపుపచ్చగా ఉండేది విషం, అందులో వల్పినిక్ ఆమ్లం నిండుగా ఉంటుంది. రంగునూ రసాయనాన్నీ బట్టి రెండూ వేర్వేరు జాతులని రాసుకున్నారు. అది నైలాండర్ నేర్పిన చూపే. తీరా 2009లో ఫిన్లాండ్ పరిశోధకులు డీఎన్ఏ పోల్చి చూస్తే తేడా దొరకలేదు. శిలీంధ్రం అదే, శైవలం అదే. మరి ఒకటి విందు, ఒకటి విషం ఎలా అయ్యాయి?

మోంటానా విశ్వవిద్యాలయంలో టోబీ స్ప్రిబిల్ ఈ ప్రశ్నను పట్టుకున్నారు. ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చదివి చూశారు. మొదట ఏమీ తేలలేదు. వెతుకుతున్నది తెలిసిన శిలీంధ్రం కోసమే కదా, వల ఇంకాస్త వెడల్పు చేద్దామని, దూరపు బంధువులైన వేరే శిలీంధ్రాల జన్యువులను కూడా లెక్కలోకి తీసుకున్నారు. అప్పుడు బయటపడింది మూడో మనిషి. అది ఒక ఈస్టు. విషపు బ్రయోరియాలో అది ఎక్కువ. మెరిసే గుర్తులు తగిలించి సూక్ష్మదర్శినిలో చూస్తే, లైకెన్ పైపొరలోనే ఈస్టు కణాలు కనిపించాయి. 2016లో సైన్స్ పత్రికలో వచ్చిన ఈ పరిశోధన, ఆరు ఖండాలకు చెందిన 52 లైకెన్ ప్రజాతుల్లో ఇలాంటి ఈస్టులున్నాయని చెప్పింది. నూట యాభై ఏళ్లు వేలమంది సూక్ష్మదర్శినిలో చూసిన పొర అది! అయితే ఈస్టే విషం చేస్తోందని ఆ వ్యాసం తేల్చలేదు. ఎక్కువ ఈస్టు ఉన్నచోట ఎక్కువ ఆమ్లం ఉందని మాత్రమే చూపింది. 2019లో జేమ్స్ లెండెమర్ బృందం 339 జాతుల్ని పరీక్షించి, ఈ ఈస్టులు అన్ని లైకెన్లలోనూ ఉండవని చెప్పింది. మూడోవాడు ప్రతి ఇంట్లోనూ లేడు, కానీ కొన్ని ఇళ్లలో ఉన్నాడు. లైకెన్ అంటే ఏమిటన్న నిర్వచనాన్ని కదిలించడానికి అంత చాలు.

ఇంట్లో ఎందరన్నది అలా ఉంచితే, ఇళ్లెన్ని అన్న లెక్క కూడా తప్పుతోంది. మధ్య, దక్షిణ అమెరికా కొండల్లో విసనకర్రలా పెరిగే కోరా అనే లైకెన్‌ను దశాబ్దాలపాటు ఒకే జాతిగా చూశారు. 2014లో రాబర్ట్ లుకింగ్, కొలంబియాకు చెందిన బిబియానా మొంకాడా తదితరులు డీఎన్ఏ చదివితే 126 జాతులు తేలాయి. నాలుగు వందలు దాటినా ఆశ్చర్యం లేదని అంచనా వేశారు. రెండేళ్లకు ఒకే వ్యాసంలో 70 కొత్త జాతులకు పేర్లు పెట్టారు. అదే 2016లో లుకింగ్, ఆయన సహచరులు ప్రపంచపు లైకెన్ శిలీంధ్రాలు 19,387 అని లెక్క వేశారు. కోరా కథ విన్నాక ఆ అంకె కింద గట్టిగా గీత గీయడానికి చెయ్యి రాదు.

నాకు దిగులు మన రాతిపువ్వు గురించే. దాన్ని ఎవరూ సాగుచేయరు. అడవిలో చెట్ల నుంచి, రాళ్ల నుంచి గీకి తెచ్చిందే బజారుకొస్తుంది. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంది. పేరొక్కటే గానీ, బస్తాలో జాతులు చాలా కలిసిపోయి ఉంటాయి. ఏది విరివిగా ఉందో, ఏది తరిగిపోతోందో వేరుచేసి చూసే పని అడవిలోనే జరగాలి. దానికి ఖరీదైన యంత్రం కూడా అక్కర్లేదు. మొదటి జల్లెడకు ఒక భూతద్దం, ఒక బ్లేడు, నైలాండర్ వాడిన రెండు చుక్కలు సరిపోతాయి.