వాడబడికి చవక పంతులు

మన విద్యా చరిత్ర పుస్తకాల నిండా కమిషన్లుంటాయి, విధానాలుంటాయి. పంతులికి జీతం ఎవరిచ్చారు, ఎంతిచ్చారు, ఎన్నాళ్ళిచ్చారు అన్న సంగతి ఎక్కడో అడుగున పడి ఉంటుంది. మాల మాదిగ వాడల వైపు నుంచి చూస్తే అసలు చరిత్ర అదే. బడి పెట్టామని చెప్పుకోవడం సర్కారుకు తేలిక. పంతులికి నెలనెలా జీతమివ్వడమే బరువు. నూటయాభై ఏళ్ళుగా ఆ బరువు దించుకోవడానికి వాడబడికి చవక పంతుల్ని వెతుక్కుంటూనే ఉంది.

1854 నాటి వుడ్ డిస్పాచ్ గ్రాంట్-ఇన్-ఎయిడ్ పద్ధతి తెచ్చింది. స్థానికులు కొంత డబ్బు పెట్టుకుంటే సర్కారు కొంత కలుపుతుంది. అంటే ఉన్నవాడికే గ్రాంటు. భూమి లేని, వెట్టిలో మగ్గే వాడ ఏం పెట్టుకోగలదు? తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో ఫలితాన్ని బట్టి చెల్లింపు వచ్చింది. ఇన్‌స్పెక్టరు పరీక్షలో ఎంతమంది పిల్లలు గట్టెక్కితే అంత గ్రాంటు. కలుపుకీ కోతకీ పశువుల వెంటా పోయే పిల్లవాడు పరీక్ష నాటికి బడిలో ఉంటాడన్న నమ్మకం లేదు. వాణ్ణి చేర్చుకుంటే పంతులికి నష్టం. గడప దగ్గరే ఆపే అంటరానితనానికి ఈ డబ్బు లెక్క తోడయింది.

1882లో హంటర్ కమిషన్‌కిచ్చిన వాంగ్మూలంలో జోతిరావు ఫూలే ఈ పద్ధతి పేదలకు పనికిరాదన్నాడు. ప్రాథమిక పంతులికి నెలకు 12 రూపాయలకు తక్కువ ఇవ్వొద్దన్నాడు. పంతుళ్ళలో ఎక్కువమంది బ్రాహ్మణులేననీ, సేద్యం చేసే కులాల నుంచి పంతుళ్ళను తయారుచెయ్యాలనీ చెప్పాడు. జీతం ప్రశ్ననీ కులం ప్రశ్ననీ ఆయన విడదీయలేదు.

తెలుగు నేల మీద ఆ ఖాళీలోకి మిషన్లు వచ్చాయి. 1876-78 కరువు చివర ఒంగోలు ప్రాంతంలో జాన్ క్లౌ నడిపిన అమెరికన్ బాప్టిస్టు మిషన్‌లో మాదిగలు వేలల్లో చేరారు. వాడ పాకలో పంతులే ప్రసంగీకుడు కూడా. మిషనిచ్చే కొద్దిపాటి డబ్బులు, వాడ జనం పెట్టే గింజలు, అదే అతని బతుకు. దీన్ని మతమార్పిడి కథగానే చెప్పడం అలవాటు. మాదిగ పంతులు పుట్టిన కథ కూడా ఇదే. 1893లో మద్రాసు ప్రభుత్వం పంచమ విద్యకు ప్రత్యేక రాయితీలిస్తూ ఉత్తర్వు చేసింది గానీ, బడి నడిపే భారం చాలావరకు మిషన్ల మీదే ఉండిపోయింది. నిజాం రాజ్యంలో భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి ఆది హిందూ పిల్లలకు తెలుగు బడులు పెట్టాడు. సర్కారు భాష ఉర్దూ అయిన చోట చందాల మీద ఇరవైకి పైగా బడులు నడిపాడు.

డబ్బు లేదన్న మాటకు జవాబు 1927లోనే వచ్చింది. బొంబాయి శాసనమండలిలో అంబేద్కర్ లెక్క చెప్పాడు: చదువు మీద తలకు 14 అణాలు ఖర్చుపెడుతున్నారు, ఆబ్కారీ ద్వారా తలకు 2 రూపాయలకు పైగా గుంజుతున్నారు. గుంజినంతైనా చదువుకు పెట్టమన్నాడు. సారా కాంట్రాక్టులు చూసిన మన వాడలకు ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు.

రాజ్యాంగం వచ్చాక కూడా బేరం పోలేదు, పేర్లు మారాయి. 1980ల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నెలకు 398 రూపాయలకు స్పెషల్ టీచర్లను పెట్టుకుంది. వాళ్ళకు '398 టీచర్లు' అన్న పేరే నిలిచిపోయింది. ఆ సర్వీసు లెక్కగట్టమని దశాబ్దాల పాటు తిరిగారు. 1990ల చివర విద్యా వలంటీర్లొచ్చారు. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేను. నాకు ఎక్కాలు నేర్పింది వాడలోనే ఉండే వలంటీరక్క. ఎండాకాలం సెలవులొస్తే ఆమె జీతం ఆగిపోయేది, జూన్‌లో ఉద్యోగం ఉంటుందో లేదో తెలిసేది కాదు. పాఠంలో ఆమె ఏం తక్కువ చెయ్యలేదు. తక్కువ చేసింది సర్కారు.

2010 ఏప్రిల్ 1 నుంచి విద్యా హక్కు చట్టం అమల్లోకొచ్చింది. 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడిలోనైనా ఇద్దరు టీచర్లుండాలంది. అయినా తెలంగాణలో 2017లో 8,792 పోస్టులకు నోటిఫికేషనిచ్చాక, తర్వాతి నియామకాలు 2024లోనే, 11,062 పోస్టులకు. ఆంధ్రలో 2018 డిఎస్సీ తర్వాత మళ్ళీ 2025లో, 16,347 పోస్టులకు. రెండుచోట్లా ఏడేళ్ళు. పోస్టు ఖాళీగా ఉంటే ఉన్న ఒక్క టీచరు అయిదు తరగతులు చూడాలి. నాలుగు డబ్బులున్నవాళ్ళు పిల్లల్ని ప్రైవేటు బడికి పంపుతారు. పిల్లలు తగ్గారని ఇంకో పోస్టు ఎత్తేస్తారు. చివరికి బడిలో మిగిలేది కూలి జనం పిల్లలే.

రెగ్యులర్ టీచర్ల జీతాలు పెరగబట్టే బడికి డబ్బు చాలడం లేదనే వాదన ఒకటుంది. ఆ జీతాలు సంఘాలు పోరాడి తెచ్చుకున్నవి, న్యాయమైనవి. సర్కారు చేసిందల్లా ఆ జీతమిచ్చే పోస్టులు నింపకుండా జాప్యం చెయ్యడం. దీంతో వాడకు రెండు దెబ్బలు. పిల్లలకు పంతులుండడు. బి.ఇడి., డి.ఇడి. చేసిన మన యువతకు రిజర్వేషన్‌తో దక్కాల్సిన ఉద్యోగం రాదు, వయసు దాటిపోతుంది. నింపని పోస్టులో రిజర్వేషన్ కాగితం మీదే ఉంటుంది.

కాబట్టి ఈ చరిత్రను ఊరి స్థాయిలో రాసుకోవాలి. ఏ బడికి ఎన్ని పోస్టులు మంజూరయ్యాయి, ఎన్ని నిండాయి, ఖాళీ ఎన్నేళ్ళది, ఆ బడి పిల్లలు ఏ కులాలవాళ్ళు? ఈ నాలుగు గడుల పట్టికకు కావలసిన వివరాలు సమాచార హక్కు చట్టం కింద మండల విద్యాధికారిని అడగొచ్చు. విద్యార్థి సంఘాలు, టీచర్లు మండలానికొకటి తయారుచేస్తే, డబ్బు లేదనే మాటకు మన దగ్గర లెక్కతో జవాబుంటుంది.