కడలిపాలైన డన్విచ్ పట్టణము

ఇంగ్లండు తూర్పుతీరమున, సఫోక్ మండలమునందు డన్విచ్ అను గ్రామమొకటి కలదు. వ్రాతలో డన్విచ్; అచ్చటివారి పలుకుబడిలో డనిచ్. నేడది కొలదిపాటి ఇండ్లును, ఒక చర్చియు, ఒక చిన్న ప్రదర్శనశాలయు గల పల్లె. ఎనిమిది వందల ఏండ్ల క్రిందట అదియే ఆ తీరమున పేరుగన్న రేవుపట్టణము. ఆ పట్టణమేమైనదని అడిగినచో, సముద్రము మ్రింగినదని అందరును చెప్పుదురు. అది నిజమే, కాని సగము నిజము. మిగిలిన సగమును మనము పరిశీలింతము.

విలియం రాజు 1086లో వ్రాయించిన భూముల లెక్కల గ్రంథమున డన్విచ్ ప్రసక్తి కలదు. ఆ పట్టణము రాజునకు 50 పౌనులును, 68,000 హెర్రింగు చేపలును చెల్లింపవలసియుండెను. అంతకు ముందొక్క చర్చియే యుండగా, ఆనాటికి మూడైనవి. ఆ పుటలోనే మరియొక మాట కలదు: పూర్వము రెండు పాళ్లుగా నున్న సాగుభూమిలో ఒక పాలు కడలి హరించినదట! అనగా పట్టణము పెరుగుచున్న దినములలోనే సముద్రము దానిని కొరుకుచుండెను. అచ్చటి గట్టు ఇసుకగట్టు. అల అడుగున తొలిచినచో పైభాగము విరిగిపడును. ఈ సంగతి ఆ జనులకు తెలియనిది కాదు. తెలిసియు వారచ్చటనే ఇండ్లు కట్టిరి, చర్చిలు నిలిపిరి. 1199లో జాన్ రాజు వలన స్వపరిపాలన హక్కుల పట్టా పొందిరి.

ఆ ధైర్యమునకు కారణము రేవు. ఏటి మొగకు అడ్డముగా గులకరాళ్ల తిన్నె యొకటి పొడవుగా సాగి, ఓడలకు చాటు కల్పించుచుండెను. ఉన్ని, ధాన్యము ఎగుమతియగుచుండెను. ఫ్రాన్సు నుండి ద్రాక్షసారా దిగుమతియగుచుండెను. అయితే కాపాడిన తిన్నెయే కడకు ముప్పు తెచ్చెను. 1280 తరువాతి తుపానులు పట్టణమును గాయపరచెను. ఫ్రాన్సిస్కను సన్యాసులు 1290 ప్రాంతమున తమ మఠమును తీరమునకు దూరముగా మార్చుకొనిరి. 1328 జనవరిలో వచ్చిన తుపాను గులకరాళ్లను త్రోసి ఏటి మొగను మూసివైచెను. ఏరు ఉత్తరముగా, వాల్బర్స్‌విక్ గ్రామపు చెంత వేరొక దారి చేసికొనెను. ఓడలును ఆ వెంటనే పోయినవి.

మనము గమనింపవలసిన ఘట్టమిదియే. రేవున్నంతకాలము జనులు కూలినదానిని మరల కట్టుకొనిరి. పూడిన మొగను త్రవ్వుకొనిరి. రేవు పోయిన పిమ్మట సుంకము లేదు, పని లేదు. గట్టును నిలుపుకొనుటకు ధనమును లేదు. క్రొత్త మొగ వద్ద సుంకము మాదేయని డన్విచ్ వారు పట్టుపట్టగా, పొరుగు గ్రామములవారు ఒప్పుకొనకపోయిరి. ఈ తగవు తరతరములు సాగెను. ఈ నడుమ సముద్రము వీథి వెంబడి వీథిని తీసికొనిపోయెను. తుదకు మిగిలిన ప్రాచీన చర్చిలలో ‘ఆల్ సెయింట్స్’ 1904 మొదలు 1919 వరకు కొంచెము కొంచెముగా గట్టు నుండి జారి కడలిపాలయ్యెను.

పట్టణము పోయినను దాని హక్కు పోలేదు. పార్లమెంటునకు ఇద్దరు సభ్యులను పంపు అధికారము 1832 నాటి సంస్కరణ చట్టము వరకు దానికి నిలిచియుండెను. ఆనాటికి మాంచెస్టరు వంటి మహానగరమునకు ప్రత్యేకముగా ఒక్క సభ్యుడైనను లేకుండుట తలచినచో, ఇందలి వింత మనకు బోధపడును.

తుపాను ముందు నీటి అడుగున డన్విచ్ చర్చిగంటలు మ్రోగునని ఆ ప్రాంతమున ఒక కథ కలదు. గంటల మాట అటుంచి, ఆ పట్టణపు వీథులను నేడు మనము గుర్తింపగలుగుటకు కారణము కాగితము. 1587లో రాల్ఫ్ ఆగస్ అను భూమికొలతరి పట్టణపు పటమును వ్రాసెను. 1754లో థామస్ గార్డ్‌నర్, ఇరుగుననున్న సౌత్‌వోల్డులో ఉప్పు సుంకపు ఉద్యోగి, పాత దస్తావేజులను సేకరించి డన్విచ్ చరిత్రను ప్రకటించెను. ఆ తీరమున నీరు బురదమయము. మునిగినవాని కంటికి ఏమియు కానరాదు. అందుచే 2008లో సౌతాంప్టను విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ధ్వనితరంగములను పంపి, వాని ప్రతిధ్వనుల వలన అడుగును చిత్రించుటకు పూనిరి. ఆ చిత్రములను పాత పటముతో సరిపోల్చగా సెయింట్ పీటర్, సెయింట్ నికొలస్ చర్చిల శిథిలములు గుర్తింపబడినవి.

గట్టుమీద ఫ్రాన్సిస్కనుల మఠపు గోడలు ఇంకను నిలిచియున్నవి. కడలి వానివైపునకును జరుగుచునే యున్నది. డన్విచ్ వారు దానినాపజాలరు. ప్రదర్శనశాలలో పూర్వపు పట్టణపు నమూనాను నిలిపి, ఏ వీథి ఎచ్చట నుండెనో వచ్చినవారికి చూపుచున్నారు. కొలతరి యొకడును, సుంకపు గుమాస్తా యొకడును తమ ఊరి సంగతులను శ్రద్ధతో వ్రాసిపెట్టకున్నచో, ఈ నమూనాకు ఆధారమెచ్చటిది? మన ఊరి పాత పటమును, పాత దస్తావేజును చిత్తుకాగితమని పారవైచుటకు ముందు మనము తలచుకొనదగిన మాట యిది.